చిన్నాన్నతో ఒక రౌండు, నలభై ఒక్క ఫోటోలు

మనవాళ్లు చదివే చోట గోల్ఫ్ గురించి రాస్తున్నానంటే కొంతమంది నవ్వుకుంటారని తెలుసు. ఇక్కడ ఇంతవరకూ వచ్చినవన్నీ బరంపురం పట్టుచీరలు, అప్పడాలు, ఠాకురాణీ యాత్ర, అంకులి పాతింటి బావి లాంటి విషయాలే. ఈ ఆట మన ఇళ్లల్లో ఎవరూ ఆడింది కాదు, చిన్నాన్న తప్ప. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నేను చెప్పబోయేది ఆట గురించి సగమే. మిగతా సగం మన ఆల్బంల గురించి.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. నాన్న రైల్వే ఉద్యోగం వల్ల నా చదువు హుబ్బళ్లిలో, పదో తరగతి దాకా కన్నడ మీడియంలో సాగింది. తెలుగు నాకు వేసవి సెలవుల్లో అంకులి వచ్చినప్పుడు నానమ్మ దగ్గర వచ్చింది. చదవడం ఇంకా తర్వాత, కన్నడ అక్షరాలకి కాస్త అటూ ఇటూ తలకట్లు మార్చుకుని చదువుకున్నాను. అందుకని నా వాక్యాల్లో ఎక్కడైనా కన్నడ వాసన తగిలితే సర్దుకోండి. చిన్నప్పుడు బంతిని ‘చెండు’ అనేవాణ్ణి. కన్నడలో అదే మాట. నానమ్మ మాత్రం “చెండంటే పూలచెండురా, దాన్ని తన్నకూడదు” అనేది. నేను చెప్పే ఆటలోనూ చెండుని తన్నరు, కర్రతో కొడతారు.

ముందు ఆల్బం సంగతి. అంకులి ఇంట్లో బీరువా పైఅరలో మూడు ఆల్బంలున్నాయి. మూడింట్లోనూ మనుషులు నిలబడి ఉంటారు, లేదా వరసగా కూర్చుని ఉంటారు. పెళ్లిళ్లు, ఉపనయనాలు, గృహప్రవేశాలు, స్టూడియోలో తెర ముందు పిల్లలు. అందరి చేతులూ పక్కలకి అతుక్కుని ఉంటాయి. ఎవరూ ఏ పనీ చెయ్యట్లేదు. తాతయ్య ఎలా నడిచేవాడో, నాన్న రేడియో ఎలా విప్పి పెట్టుకుని కూర్చునేవాడో తెలిపే ఫోటో ఒక్కటీ లేదు. ఫోటో అంటే ఖర్చు, సందర్భం, ఇస్త్రీ చొక్కా. అప్పటి పద్ధతి అది, తప్పు పట్టడానికేం లేదు.

2019లో నాన్న పోయినప్పుడు గోడకి కట్టడానికి ఒక ఫోటో కావాల్సొచ్చింది. నాన్న ఒక్కడే ఉన్న ఫోటో ఎక్కడా దొరకలేదు. చివరికి అత్తయ్య కూతురి పెళ్లిలో తీసిన గ్రూపు ఫోటోలోంచి నాన్న ముఖం వరకూ కత్తిరించి పెద్దది చేయించాం. దాంట్లో నాన్న ఎడమ భుజం మీద నాలుగు వేళ్లు కనిపిస్తాయి. పక్కన నిలబడ్డ చిన్నాన్న చెయ్యి అది. స్టూడియో అతను కంప్యూటరులో తీసేస్తానన్నాడు, అమ్మ వద్దంది. ఆ వేళ్లు ఇప్పటికీ అంకులి ఇంటి ముందుగది గోడ మీద ఉన్నాయి. నాన్న పోయాక చిన్నాన్న ఆ ఇంటికి రాలేదు. గొడవ ఏమీ లేదు. అన్నయ్య లేని ఇంట్లోకి రాలేనంటాడు, అంతే.

ఇక గోల్ఫ్. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. బెంగళూరులో నా మొదటి ఆఫీసు చల్లఘట్ట దగ్గర గోల్ఫ్ కోర్సుని ఆనుకున్న టెక్ పార్కులో ఉండేది. అద్దాల్లోంచి రోజంతా పచ్చగడ్డి, దానిమీద చిన్న చిన్న మనుషులు కనిపించేవారు. అలా చూసీ చూసీ ఒకరోజు ప్రాక్టీసు చేసే చోటికి వెళ్లి బుట్టెడు బంతులు కొట్టాను. అలా మొదలైంది. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు అంకులి ఇంటికి వచ్చి, ఇక్కణ్ణుంచే పని చేస్తూ ఉండిపోయాను. ఏడాదికి మూడుసార్లు బెంగళూరు వెళ్తాను, అప్పుడే ఆట.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. మైదానంలో 18 చోట్ల గుంటలుంటాయి. ప్రతి దానికీ ఒక మొదలు ఉంటుంది, దాన్ని టీ అంటారు. అక్కణ్ణుంచి కొట్టుకుంటూ వెళ్లి, గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డిమీదికి, అంటే గ్రీన్ మీదికి చేరి, బంతిని గుంటలో వెయ్యాలి. ఎన్ని తక్కువ దెబ్బల్లో వేస్తే అంత మంచిది. పద్దెనిమిదీ పూర్తి చేస్తే ఒక రౌండు. నలుగురు కలిసి నడిస్తే నాలుగు గంటల పైనే పడుతుంది. ఆ నాలుగు గంటల్లో నిజంగా బంతిని కొట్టే సమయం కలిపితే కొద్ది నిమిషాలే. మిగతాదంతా నడక, మాటలు, వెతుకులాట. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, ఫోటోల విషయంలో పనికొస్తుంది.

చిన్నాన్నకి 67 ఏళ్లు. హైదరాబాదులో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. యాభై దాటాక ఈ ఆట మొదలుపెట్టి, గోల్కొండ దగ్గర హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సులో ఆడుతున్నాడు. కిందటి డిసెంబరులో ఫోన్ చేసి “సంక్రాంతికి ముందు రా. ఒక రౌండు ఆడదాం” అన్నాడు. ఎప్పుడూ అలా పిలిచే మనిషి కాదు. మర్నాడు పిన్ని ఫోన్ చేసి అసలు సంగతి చెప్పింది. ఫిబ్రవరిలో గుండెకి బైపాస్ చెయ్యాలన్నారట. అప్పటిదాకా నెమ్మదిగా నడవొచ్చు, బండిలో కూర్చుని ఆడొచ్చు అన్నారట డాక్టరు.

నానమ్మకి ఆపరేషన్ సంగతి చెప్పలేదు. “చిన్నాన్న దగ్గరికి వెళ్తున్నాను” అన్నాను. ఆవిడకి 88 ఏళ్లు, ప్రయాణాలు చెయ్యలేదు. “ఆడు అక్కడేటి సేస్తన్నాడో ఫోటోలు తీసి తే. ముసలోడు కర్రలట్టుకు తిరుగుతున్నాడంట, సూడాలి” అంది. ఆ మాటతో నా పని ఏమిటో తేలిపోయింది. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో గోల్ఫ్ బ్యాగు పైబెర్తు మీద పెడుతుంటే పక్కాయన అందులో ఏముందని ఒడియాలో అడిగాడు. ఇనుప కర్రలు అన్నాను. తర్వాత ఆయన నాతో పెద్దగా మాట్లాడలేదు.

గోల్కొండ పేరు వినని తెలుగువాళ్లుండరు గానీ, నయా ఖిలా సంగతి చాలామందికి తెలీదు. 1656లో ఔరంగజేబు ముట్టడించినప్పుడు మొగలుల ఫిరంగులు కోటకి ఈశాన్యాన ఉన్న గుట్టమీదికెక్కాయి. ఆ ముట్టడి ముగిశాక అబ్దుల్లా కుతుబ్‌షా ఆ గుట్టని కూడా లోపలికి కలుపుకుంటూ కొత్తగా గోడ కట్టించాడు. అదే నయా ఖిలా. ఆ ప్రాంతంలోనే గోల్ఫ్ కోర్సు ఉంది. అక్కడే ‘హతియాన్ కా ఝాడ్’ అని ఒక బావొబాబ్ చెట్టుంది, ఆఫ్రికా జాతిది. వయసు నాలుగు వందల ఏళ్ల పైమాటే అంటారు. దాని కాండం ఒక గది అంత బోలుగా ఉంటుంది. ముల్లా ఖయాలీ పేరుతో పాత మసీదు ఉంది. పురావస్తు శాఖ తవ్వినప్పుడు కుతుబ్‌షాహీల తోట ఆనవాళ్లు, నీళ్లు పారిన మట్టిగొట్టాలు బయటపడ్డాయి. ఇలాంటి చోట గోల్ఫ్ ఏమిటని హైదరాబాదులో చాలా ఏళ్లు వాదనలు నడిచాయి, కోర్టుల దాకా వెళ్లాయి. నాకు అందులో తీర్పు చెప్పే అర్హత లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. అక్కడ ఎటు తిరిగి ఫోన్ పట్టుకున్నా వెనకాల గోడో, బురుజో వచ్చి నిలబడుతుంది.

ఆడుతూ ఫోటోలు తియ్యడం వినడానికి తేలిక. నిజానికి ఆ మైదానంలో ఫోటోకి ఉన్నన్ని అడ్డంకులు పెళ్లి మంటపంలో కూడా ఉండవు. కొట్టేవాడు కర్ర పైకెత్తాక చుట్టుపక్కల ఎవరూ కదలకూడదు, చప్పుడు చెయ్యకూడదు. కెమెరా ‘క్లిక్’ అన్న చప్పుడు చాలు, దెబ్బ చెడిపోతుంది. 2002లో అమెరికాలో స్కిన్స్ గేమ్ అనే పోటీలో టైగర్ వుడ్స్ కొడుతుండగా ప్రేక్షకుడొకడు క్లిక్‌మనిపిస్తే, టైగర్ సంచి మోసే స్టీవ్ విలియమ్స్ ఆ కెమెరా లాక్కుని చెరువులో పారేశాడు. అగస్టాలో మాస్టర్స్ పోటీకి వెళ్లే ప్రేక్షకుల్ని ఫోన్లు లోపలికే తేనివ్వరు. కెమెరాలు కూడా ప్రాక్టీసు రోజుల్లోనే.

రెండో అడ్డంకి సమయం. మీ వంతు వచ్చాక 40 సెకన్లలోపు కొట్టమని నియమాలు సూచిస్తాయి. పోయిన బంతిని వెతకడానికి 2019 నుంచి 3 నిమిషాలే, అంతకుముందు 5 ఉండేవి. ఎందుకంటే వెనక ఇంకో నలుగురు వస్తుంటారు, వాళ్ల వెనక ఇంకో నలుగురు. మనం ఫోటోకి నవ్వుతూ నిలబడితే ఆగేది మైదానం మొత్తం.

ఆ రోజు మొదటి టీ దగ్గర క్యాడీ, అంటే కర్రల సంచి మోసి దారి చూపే అతను, నా చేతిలో ఫోను చూసి ముందే చెప్పాడు. “సార్, ఫొటోల్ దీస్కోండ్రి, ఏం గాదు. బంతికి ఎన్కకెల్లి నిలవడకుండ్రి. గ్రీన్ మీద మీ నీడ పడొద్దు. సార్ కొట్టినంక దీయుండ్రి.” నాలుగు ముక్కల్లో మొత్తం శాస్త్రం చెప్పేశాడు. పొద్దున ఏడింటికి నీడలు చాలా పొడుగు. పది అడుగుల దూరంలో నిలబడ్డా తల నీడ గ్రీన్ మీద బంతి దొర్లే దారిలోకి వస్తుంది. అందుకని సూర్యుడు ఎటున్నాడో చూసుకుని నిలబడాలి. ఫోను చప్పుడు మొత్తం ఆపేసి, జేబులో కాకుండా చేతిపట్టీకి కట్టుకున్నాను.

“ఏటిరా, ఫోటోలు తీయడానికొచ్చావా, ఆడ్డానికొచ్చావా?” అన్నాడు చిన్నాన్న.

“రెంటికీ. నానమ్మ ఆర్డరు.”

“అమ్మ అడిగిందా?” అన్నాడు. మరి మాట్లాడలేదు, బంతి పెట్టుకున్నాడు.

ఈ నియమాలన్నీ కలిసి ఒక పని చేస్తాయి. కర్ర తిప్పే క్షణం, అందరూ ఫోటో తియ్యాలనుకునే క్షణం, మనకి దాదాపు అందదు. అందినా లాభం లేదు. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లు. కొట్టిన మరుక్షణం ఫోన్ కెమెరాకి అది ఆకాశంలో దుమ్ముకణం. ఇక మిగిలేది ముందు చెప్పిన లెక్కలోని పెద్ద భాగమే. నడక, వెతుకులాట, ఎదురుచూపు. నేను అవే తీశాను. నా వంతు అయ్యాక, నా బంతి వైపు నడుస్తూనే, ఆగకుండా తీశాను.

నాలుగో హోల్ దగ్గర చిన్నాన్న పొడుగు గడ్డిలో వంగి కర్రతో గడ్డిని పాయలు తీస్తూ బంతి వెతుకుతున్నాడు. ఆరో దాంట్లో బంతి ఇసక గుంటలో పడింది. కొట్టి బయటికొచ్చాక తన అడుగుల గుర్తులు పోయేలా ఇసకని రేక్‌తో తనే చదును చేశాడు. క్యాడీ చేస్తానంటే “నా అడుగులు నేనే చెరుపుతాను” అన్నాడు. తొమ్మిదో దాని తర్వాత చెట్టు కింద టీ తాగుతూ మెడ వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. పదకొండో దాని దగ్గర తీతువు పిట్ట ఒకటి గోలగోలగా అరుస్తూ మా మీదికొచ్చింది, గుడ్లు దగ్గర్లో ఉన్నాయేమో. చిన్నాన్న చేతులెత్తి దానికి దణ్ణం పెట్టి పక్కకి తప్పుకున్నాడు. అది కూడా దొరికింది.

బండి తీసుకోమన్నా తీసుకోలేదు. పన్నెండు నుంచి నడక తగ్గింది. నేను నా బంతి దగ్గరికి తొందరపడకుండా ఆయన అడుగుతో అడుగు వేశాను. ఆపరేషన్ గురించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

పదహారో హోల్ అయ్యాక ఆగాడు. వెనకవాళ్లు ఇంకా దూరంగా ఉన్నారు. టోపీ తీసి, జుట్టు చేత్తో దువ్వుకుని, గోడ వైపు వీపు పెట్టి నిలబడ్డాడు.

“ఒరేయ్, ఒకటి సరీగా తియ్యి. మీ నాన్నకి చేసినట్టు నాకు కత్తిరింపులు పెట్టకండి.”

నాకు ఏమనాలో తోచలేదు. తీశాను. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. పదిహేను సెకన్లు పట్టిందేమో. చేతులు పక్కలకి పెట్టి, ఆల్బంలో అందరూ నిలబడినట్టే నిలబడ్డాడు. “ఒచ్చిందా?” అన్నాడు. ఒచ్చిందన్నాను. టోపీ పెట్టుకుని “పద, ఎనకాలోళ్లు ఒచ్చెస్తారు” అన్నాడు.

పదిహేడో దాంట్లో క్యాడీ నా ఫోను అడిగి తీసుకున్నాడు. మేమిద్దరం గ్రీన్ వైపు నడుస్తుంటే వెనకనుంచి ఒకటి తీశాడు. రెండు వీపులు, రెండు టోపీలు, ఎదురుగా పాత గోడ. అడగకుండానే ఎక్కడ నిలబడాలో అతనికి తెలుసు.

రైల్లో తిరిగి వస్తూ ఆ ఫోటో చూస్తుంటే హోగన్ గుర్తొచ్చాడు. గోల్ఫ్ లోకంలో అందరికీ తెలిసిన ఫోటో ఒకటుంది. 1950 జూన్, అమెరికాలో మెరియన్ మైదానం, యు.ఎస్. ఓపెన్ పోటీ. బెన్ హోగన్ 18వ హోల్‌లో కొట్టిన దెబ్బని హై పెస్కిన్ అనే ఫోటోగ్రాఫర్ వెనకనుంచి తీశాడు. 1949 ఫిబ్రవరిలో హోగన్ కారుని బస్సు గుద్దింది. మళ్లీ నడుస్తాడా అన్నారు. పదహారు నెలలకి ఆ కాళ్లతోనే ఒకేరోజు 36 హోల్స్ నడిచి అక్కడికొచ్చాడు. మర్నాడు గెలిచాడు. ఆ ఫోటోలో హోగన్ ముఖం కనిపించదు. బంతీ కనిపించదు. కొట్టాక ఆగిపోయిన ఒక వీపు, ఎదురుగా జనం. ముఖం లేకపోయినా అది హోగన్ అని తెలిసినవాళ్లందరూ చెప్తారు.

మా టెస్టింగ్ పనిలో తప్పు దొరికితే స్క్రీన్‌షాట్ పెట్టాలి. అదొక్కటే పెడితే డెవలపర్ తిప్పి పంపేస్తాడు. ఎక్కణ్ణుంచి మొదలై, ఏమేం నొక్కి, అక్కడికి ఎలా చేరామో వరసగా రాయాలి. నిలబడి తీయించుకున్న ఫోటో స్క్రీన్‌షాట్ లాంటిది. మనిషి అక్కడ ఉన్నాడని రుజువు. ఎలా వచ్చాడో దాంట్లో ఉండదు.

అంకులి వచ్చాక ఫోటోలు టీవీకి పెట్టి నానమ్మకి చూపించాను. మొత్తం 41. పదహారో హోల్ ఫోటో, సరీగా నిలబడింది, రాగానే “బాగున్నాడు, చిక్కిపోయాడు” అని తర్వాతది పెట్టమంది. ఇసక చదును చేస్తున్నది చూసి పడీపడీ నవ్వింది. “ఈ ఇంట్లో ఏనాడూ చీపురు ముట్టుకోనోడు!” పిట్టకి దణ్ణం పెడుతున్నది రెండుసార్లు చూసింది. క్యాడీకి ఎంతిస్తారు, అన్నం ఎవరు పెడతారు అని అడిగింది.

చివరి ఫోటో, రెండు వీపులది, వచ్చేసరికి చెయ్యెత్తి ఆపమంది.

“ఈడి కుడి భుజం సూడు, ఒంచి నడుస్తాడు. మీ తాతా అంతే. మీ నాన్నా అంతే.”

తాతయ్య అలా నడిచేవాడని నాకు తెలీదు. అప్పుడు చెప్పింది. కొట్టు పెట్టకముందు తాతయ్య పట్టుచీరల మూట కుడిభుజాన వేసుకుని ఊరూరూ తిరిగి అమ్మేవాడట. బరంపురం నుంచి గోపాలపూర్ దాకా, ఛత్రపూర్ దాకా కూడా చాలాసార్లు కాలినడకే. మూట దించాక కూడా భుజం అలాగే ఉండిపోయిందట. “ఆయనకంటే మూట ఉంది. ఈలకెందుకొచ్చిందో మరి” అంది. పక్కన గోల్ఫ్ బ్యాగు చూపించాను. “అదీ మూటేనా?” అంది.

నాన్న మాకు తాతయ్య కొట్టు గురించే చెప్పేవాడు. మూట గురించి ఎప్పుడూ చెప్పలేదు. మూడు ఆల్బంలలో లేని సంగతి ఒక వీపు ఫోటోలోంచి బయటికొచ్చింది. నానమ్మ చెప్తున్నదంతా ఆ రాత్రి ఫోనులో రికార్డు చేశాను. తాతయ్య నడిచిన ఊళ్ల పేర్లతో విడిగా రాస్తాను.

చిన్నాన్నకి ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు పొద్దున్నా సాయంత్రం కాలనీలో నడుస్తున్నాడు. కర్ర పట్టుకోడానికి ఇంకా కొన్ని నెలలు ఆగమన్నారు. ఆపరేషన్ అయ్యాకే నానమ్మకి చెప్పాం, నన్ను రెండు రోజులు మాట్లాడకుండా సాధించింది. తర్వాత చిన్నాన్నకి తనే ఫోన్ చేసి, మూట మోసిన సంగతి మొదట్నుంచీ చెప్పింది. అటువైపు ఆయన చాలాసేపు వింటూనే ఉన్నాడు. దసరాకి అంకులి వస్తానన్నాడు. వచ్చేదాకా నమ్మనంటుంది నానమ్మ.

మీలో ఎవరైనా గోల్ఫ్ ఆడేవాళ్లుంటే, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మన పిల్లలు చాలామంది ఆడుతున్నారని విన్నాను, ఇవి గుర్తుపెట్టుకోండి. ఫోను చప్పుడు ఆపండి. కొట్టేవాడి వెనకా, బంతి వెళ్లే దారిలోనూ నిలబడొద్దు. గ్రీన్ మీద నీడ చూసుకోండి. ఎవర్నీ ఆపొద్దు, నడుస్తూ తియ్యండి. పోటీ ఆటైతే అక్కడి నియమం ముందే అడగండి. పక్క జట్టువాళ్లు ఫోటోలో పడేటట్టుంటే ఫోను దించెయ్యండి.

గోల్ఫ్ ఆడనివాళ్లకి ఒక కోరిక. మీ ఇంట్లో పెద్దవాళ్లు అప్పడాలు ఒత్తుతున్నప్పుడు, సైకిలు తుడుస్తున్నప్పుడు, మెట్లు దిగుతున్నప్పుడు ఒకటి తీసి పంపండి. నవ్వమని అడక్కండి. వెనకనుంచి తీసినా పర్వాలేదు, ఎవరో నేను పోల్చలేకపోయినా నానమ్మ పోలుస్తుంది. ఆవిడ ఉండగానే పంపండి.